గోడకు ఆనుకోని ఊరు

నమోదు 212

షిఫ్టు అయ్యాక ఈ పెట్టె ముందు కూర్చుని ఆ రోజు సంగతులన్నీ నోటితో చెప్పాలని పై ఆఫీసు నియమం. చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉండాలట. పోయిన నెల నా నమోదులు విని, 'భాష కఠినంగా ఉంది, సరిచూసుకోగలరు' అని ఒక ముక్క పంపారు. సరిచూసుకున్నాను. నా భాష బాగానే ఉంది.

పులిగుంత గనివాడ, నర్సు సుంకమ్మ. ఈ రోజు మొదటి పని చలిగొట్టాల కింద పెట్టిన గిన్నెలు పారబోయడం. ఎండకు తాళలేక పైవాళ్ళు దిగొచ్చి ఉండటానికి మేం తవ్వుతున్న కొత్త గదులు చల్లబడాలని ఈ మధ్యే వేసిన గొట్టాలు అప్పుడే కారుతున్నాయి. గోడల పగుళ్ళన్నీ చెమ్మ పట్టాయి. కారుతున్నాయని చెప్పిన ప్రతిసారీ 'సహజమైన తేమ' అని జవాబు వస్తోంది. సహజమైన తేమ ఎట్లా ఉంటుందో పైన ఎండలో కూర్చున్నవాళ్ళకు మాకంటే బాగా తెలుసు కాబోలు.

రెండో పని, షిఫ్టు దిగినవాళ్ళ ఒళ్ళు తడిమి చూడటం. గనిలో చేరిన రోజే మావాళ్ళ మెడ వెనక చర్మం కింద ఒక బిళ్ల పెడతారు. దాని పేరు 'శాంతి'. నర్సునైనా నాకూ ఉంది. అది ఉన్నవాళ్ళకు నొప్పి తెలియదు. నొప్పి తెలియని మనిషికి తన ఒంటికి ఏమైందో ఇంకొకరు చూసి చెప్పాలి. ఈ రోజు ఒకడు పాదంలో ఉలి ముక్క దిగబడి, దానితోనే నడుచుకుంటూ వచ్చాడు. "చెప్పు ఏందో టకటక అంటాందక్కా" అన్నాడు. తిట్టి, ముక్క తీసి, కట్టు కట్టి పంపాను.

ఆ తర్వాత రంగముని వచ్చాడు. మా వీధివాడే, నన్ను వదినా అంటాడు. ఒళ్ళంతా చెమట, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. చేతులు పట్టుకుంటే మాత్రం చల్లగా తగిలాయి. నోట్లోంచి చొల్లు ఊరుతుంటే తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు కక్కుకున్నాడట.

"ఎక్కడన్నా నొస్తాందా?" అన్నాను.

"బిళ్లుండంగ నొప్పేంది వదినా. ఊరికే ఆయాసంగా ఉంది, అంతే."

జబ్బేదో చెప్పే యంత్రాన్ని బిళ్ల దగ్గర పెట్టాను. 'నొప్పి సున్నా. గాయం లేదు. వడదెబ్బ. పడుకోబెట్టి సెలైన్ ఎక్కించండి' అని వచ్చింది. తెరమీద డాక్టరు కోసం చూశాను, కుర్చీ కనిపించింది, డాక్టరు లేడు. ఎక్కించాను. రెండో సీసా సగంలో ఉండగా దగ్గు మొదలైంది. దగ్గుతో పాటు నురగ వచ్చింది, గులాబీ రంగు నురగ. గొట్టం పీకేసి అతన్ని లేపి కూర్చోబెట్టబోయాను. పెళ్ళాం, తల్లి, చుట్టూ చేరినవాళ్ళు అందరూ నా చేతులు పట్టుకున్నారు. బతికున్న మనిషిని కూర్చోబెడతావా అని. ఆ పెనుగులాటలోనే రంగముని ఊపిరి ఆగిపోయింది.

కారణం వడదెబ్బ అని పెట్టె తనంతట తానే రాసేసుకుంది. వడదెబ్బ తగిలిన ఒళ్ళు కాలిపోతుంది. రంగముని చేతులు చల్లగా ఉన్నాయి. నేను పట్టుకుని చూశాను, పెట్టె పట్టుకోలేదు.

నమోదు 213

రంగమునిని ఈ రోజు గూట్లో పెట్టాం. ఆ మాటకు అర్థం పైవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ కాలి కింద ఉన్నదంతా ఒకటే బండ. మనిషిని పడుకోబెట్టే గొయ్యి తవ్వాలంటే ఒక గది తవ్వినంత కష్టం. అందుకని మావాళ్ళు ఎండలోంచి ఈ గనిలోకి దిగివచ్చిన ఏడాదే పెద్దలు పడమటి గోడలో గూళ్ళు కొట్టించారు. చనిపోయిన మనిషికి బాసింపట్టు వేయించి, వీపు గోడకు ఆనించి కూర్చోబెట్టి, ముందు ఒక బండ నిలుపుతాం. అప్పటినుంచి ఈ ఊళ్ళో బతికున్నవాళ్ళెవరూ గోడకు వీపు ఆనించరు. బెంచీలన్నీ గది నడుమ ఉంటాయి. పిల్లలు మరిచిపోయి ఆనుకుంటే వీపు మీద ఒక్కటి పడుతుంది. జబ్బుపడిన మనిషినైతే అసలు లేపనే లేపరు. కూర్చోబెడితే గూడు పిలుస్తుందని భయం. వెల్లకిలా పడుకోబెట్టి చుట్టూ కూర్చుంటారు.

చనిపోయినవాళ్ళను కూర్చోబెట్టేది మా అత్త మారెక్క. ఆమె చెయ్యి పడితేనే మనిషి గూట్లో కుదురుగా ఉంటాడని అందరి నమ్మకం. ఒకప్పుడు గనిలో తట్టలు మోసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా మెడలో బిళ్ల ఉంది కాబట్టి ఊరంతా తిరుగుతుంది, ఊరందరికీ బుద్ధులు చెబుతుంది. ఈ రోజు వంతు నాది.

"ఏమ్మే, బతికుండే మనిషిని కూకోబెట్టబోతివంట. నా పని గూడా నువ్వే చేస్తావా ఇంక?"

"ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరినాయి అత్తా. పండుకుంటే ఆ నీళ్ళు తిత్తులంతా పరుచుకుంటాయి. కూచుంటే అడుక్కు దిగి, పైనన్నా కొంచెం గాలి ఆడుతుంది."

"నీళ్ళు యాడ్నించి వచ్చె? ఈడ గొంతు తడుపుకోనీకే లేవు."

"అదే తెలీట్లా."

"తెలీనప్పుడు గమ్మునుండల్ల."

ఆమె గిన్నెలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఆ ప్రశ్న పైన తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఒక్కరూ అడగలేదు.

నమోదు 216

దొరికింది.

రంగముని కూతురు పావనికి తొమ్మిదేళ్ళు. గనిలో చేరే వయసు కాదు కాబట్టి మెడలో బిళ్ల లేదు. ఈ రోజు పొద్దున వాళ్ళమ్మ చెబితే నాయన పనిబట్టలు మూటగడదామని గోడ మేకు మీదున్న కోటు తీసి మడతపెట్టింది. అంతే, కేక వేసింది. వీధి ఈ చివరనున్న నాకు వినబడింది. ఒక మనిషి అంత నొప్పితో అరవగా విని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఏమిటా చప్పుడు అని కాసేపు అట్లాగే నిలబడిపోయాను, సిగ్గులేకుండా.

వెళ్ళేసరికి పిల్ల చెయ్యి పట్టుకుని నేలమీద దొర్లుతోంది. కోటు చేతి మడతలో ఎర్రతేలు, నా చూపుడు వేలంత ఉంటుంది, కొండి లేపి ఇంకా ఎవరినో వెతుకుతోంది. చెప్పుతో కొట్టి పిల్లను ఎత్తుకున్నాను. క్లినిక్కు చేరేలోపే చెమటలు పట్టాయి, నోరు ఊరింది, చేతులు చల్లబడ్డాయి, గుండె దడదడలాడింది. వాళ్ళ నాయనకు ఏమేమి అయ్యాయో అవన్నీ వరసగా ఆ పిల్లకు అవుతున్నాయి. అప్పటికి నాకు బుద్ధి వెలిగింది.

బీపీ వాళ్ళకని దాచిన డబ్బాలో ప్రాజోసిన్ మాత్రలు ఉన్నాయి. తూకం చూసి, పిల్లకు తగినంత ముక్క విరిచి ఇచ్చాను. సెలైన్ జోలికి పోలేదు. వాంతి తగ్గాక చెంచాతో నీళ్ళు తాగించాను. సాయంత్రానికి చేతులు వెచ్చబడ్డాయి. ఇప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని, నాయన కోటు తగలబెట్టమని పోరుపెడుతోంది.

పై ఆఫీసువాళ్ళూ, ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. నరానికి సన్నని తలుపులుంటాయి. కబురు రాగానే తెరుచుకుని ఉప్పును లోపలికి రానిచ్చి, వెంటనే మూసుకుంటాయి. ఎర్రతేలు విషం ఆ తలుపును మూసుకోనివ్వదు. నరం ఒకే కబురును ఆపకుండా పంపుతూనే ఉంటుంది. భయం వేసినప్పుడు ఒంటిని పరుగెత్తించే నరాలుంటాయే, అవన్నీ ఒక్కసారిగా లేచి గోల చేస్తాయి. అందుకే ఆ చెమట, ఆ చొల్లు, ఆ వాంతులు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే చేతులు చల్లబడతాయి. బిగిసిన నాళాల్లోకి రక్తాన్ని తోసి తోసి గుండె అలసిపోతుంది. ముందుకు పోలేని రక్తం వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది, అందులోని నీరు గాలి ఉండాల్సిన చోట ఊరుతుంది. మనిషి పొడినేల మీద మునిగి చస్తాడు. మా అత్త అడిగిన నీళ్ళు ఇవే. ఆ నీళ్ళ మీద నేను ఇంకో సీసాన్నర పోశాను, మీరు పొయ్యమన్నారని.

ప్రాజోసిన్ చేసే పని బిగిసిన నాళాలను వదులు చేయడం. గుండెకు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. తొందరగా వేస్తేనే. తొందరగా వేయాలంటే తేలు కుట్టిందని తెలియాలి కదా. మీ బిళ్ల నొప్పిని మోసే నరాన్ని మాత్రం నొక్కి పెడుతుంది, మిగతా నరాల గోల దానికి పట్టదు. ఇల్లు అంటుకుంటే కేకేసే మనిషి నోరు కట్టేసి, కేక లేదు కాబట్టి మంట లేదని రాసుకుంటున్నారు మీరు.

నమోదు 217

ఆరోగ్య అధికారి కౌశిక్ సారు తెరమీదికి వచ్చాడు. నిన్నటి నమోదు విన్నాడట. ఆయన వెనక కిటికీలో ఒక పచ్చని చెట్టు కనిపించింది, నిజమో బొమ్మో తెలియదు.

"సుంకమ్మగారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతోందండీ. కానీ డేటా చూస్తే ఇప్పటివరకు పెద్దవాళ్ళలో ఒక్క తేలుకాటు కూడా నమోదు కాలేదు."

"నొప్పి ఉంటేనే కదా సార్ మీ డేటాలోకి వచ్చేది. నొప్పి మీరే తీసేసి, నొప్పి లేదు కాబట్టి తేలు కుట్టలేదంటే ఎట్లా?"

"సిస్టమ్ అలా పనిచేయదండీ."

"నేను అడిగేది రెండే. ఆ గొట్టాల చెమ్మ ఆపండి, తేళ్ళు దాని కోసమే వస్తున్నాయి. అది ఆగేదాకా బిళ్లలు ఆపేయండి."

"బిళ్లలు ఆపితే తవ్వకం సగానికి పడిపోతుంది. కొత్త గదులు తీసుకున్నవాళ్ళు ఇప్పటికే సామాన్లు సర్దుకున్నారు. పైగా, నొప్పి లేని పని అనేది మేం మీ కార్మికులకు ఇచ్చిన మాటండీ. మాట తప్పమంటారా?"

ఎంత ముద్దుగా అన్నాడో. నేను నోరు తెరిచేలోపే తెర ఆరిపోయింది. నోటికొచ్చినవన్నీ ఆరిన తెరకే చెప్పాను. అవి ఈ పెట్టెలో పడ్డాయో లేదో చూసుకోండి, పడకపోతే మళ్ళీ చెబుతాను.

పైవాళ్ళు వినకపోతే మావాళ్ళన్నా వింటారని సాయంత్రం అందర్నీ బెంచీల గదికి పిలిచాను. బిళ్లలు నేనే తీసేస్తాను, చిన్న కోత, గోరంత పని అని చెప్పాను. ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి లేచింది ఎవరనుకున్నారు, మా ఇంటాయన ఉరుకుందు.

"మా నాయన బిళ్ల లేనప్పుడు తవ్వినోడు" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంటికొచ్చి నడుము పట్టుకోని మూలుగుతా ఉంటే మేం చెవులు మూసుకోని పండుకునేటోళ్ళం. ఆ నొప్పి మల్ల తెచ్చియ్యమంటావా మాకు?"

"తేలు కుడితే తెలియాల్నంటే అది కావల్ల."

"తేలు ఎవన్నో ఒకన్ని కుడతది. నడుము అందరికీ నొస్తది."

అందరూ తలలూపారు. నాకు కోపం ఎందుకు నసాళానికి అంటిందంటే, ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్ళతో అంత పని చేయిస్తున్నవాళ్ళను అడగాల్సిన ప్రశ్నను వాళ్ళు నన్ను అడుగుతున్నారు. చివరికి ఒకదానికి ఒప్పుకున్నారు. షిఫ్టు దిగిన ప్రతి మనిషీ నాకు చెయ్యి చూపించి పోవాలి. చల్లగా ఉంటే వదలను.

నమోదు 221

ఇది మామూలు గొంతుతో చెప్పడం నా వల్ల కాదు. నియమం మీ దగ్గరే పెట్టుకోండి.

మధ్యాహ్నం ఇంట్లో సంకటి కెలుకుతున్నాను. ఉరుకుందు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ముద్ద ముందు పెడితే పక్కకు జరిపాడు. ఆ మనిషి ముద్దను జరపడం నా కాపురంలో నేను చూడలేదు. తిరిగి చూస్తే జుట్టులోంచి చెమట ధారగా కారుతోంది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"షిఫ్టు దిగినంక చెయ్యి చూపిచ్చి పొమ్మంటి కదా."

"వస్తి గదా ఇంటికి. చూసేది నువ్వే గదా యాడైనా" అని దగ్గాడు.

చొక్కా విప్పితే చంకలో తేలు నలిగి అంటుకుని ఉంది. గొట్టం వెనక పగులులో చెయ్యి పెట్టి బండ లాగాడట పొద్దున. అప్పుడే ఎక్కి ఉంటుంది. కుట్టించుకుని, నలిపి చంపి, పూట పనంతా చేసి, ఏమీ తెలియకుండా ఇంటికి నడిచొచ్చాడు నా మొగుడు.

క్లినిక్కుకు మోసుకొచ్చేసరికి పెదవుల మీద నురగ మొదలైంది. యంత్రం అదే పాట అందుకుంది, నొప్పి సున్నా, వడదెబ్బ, సెలైన్. దాని తీగ పీకి అవతల పారేశాను. మాత్ర నూరి మింగించాను. ఆక్సిజన్ మాస్కు పెట్టాను. ఇంక మిగిలింది కూర్చోబెట్టడం. లేపితే నిలవడం లేదు, ఒంట్లో పట్టు లేదు, పక్కకు వాలిపోతున్నాడు. వీపుకు ఏదో ఒకటి ఆనాలి. మంచం గోడవైపు లాగుతుంటే, తలుపు దగ్గర చేరినవాళ్ళు లోపలికి వచ్చి మంచంకోళ్ళు పట్టుకున్నారు. ఇద్దరు అతని భుజాలు అదిమి పడుకోబెట్టారు. అతని కంటే వాళ్ళకే ఎక్కువ ఏడుపు వస్తోంది. ప్రేమతోనే చంపుతున్నారు. నేను గోళ్ళతో రక్కాను, పళ్ళతో కొరికాను కూడా. వాళ్ళకు నొప్పి తెలిస్తే కదా వదలడానికి.

అప్పుడు మారెక్క వచ్చింది. అందరూ ఆమె ముఖం చూశారు. కూర్చోబెట్టే మనిషి ఆమె, కొడుకు ఆమెది, ఏం చేయాలో ఆమే చెప్పాలి.

"అత్తా, పండుకోబెడితే పొద్దుగూకే లోపల పోతాడు. రంగముని అట్లనే పాయె. నీ చేతులతోనే గదా గూట్లో పెడితివి."

"గోడకు ఆనిస్తే నేనే పిలిచినట్లు గదనే వాన్ని."

"ఆనకుంటే నిలబడల్యాడు. చూడు, నువ్వే చూడు."

ఆమె చూసింది. నురగ మాస్కు లోపల నిండుతోంది. కొడుకు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మంచం ఎక్కింది. గోడకు తన వీపు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గదిలో ఎవరో అయ్యో అన్నారు.

"తెచ్చి నా మీద ఆనీండి" అంది. "గోడకు ఆనేది నేను. వాడు వాళ్ళమ్మకు ఆనుకుంటాడు. దాంట్లో తప్పేమీ ల్యా."

భుజాలు అదిమినవాళ్ళే ఎత్తి కూర్చోబెట్టారు. వీపు ఆమె ఎదకు ఆనింది, తల ఆమె భుజం మీద వాలింది. ఆమె రెండు చేతులూ అతని పొట్ట మీద కట్టుకుంది. కాసేపటికి దగ్గు తీరు మారింది. లోపలికి గాలి పోతున్న చప్పుడు వినబడింది. నేను నాడి పట్టుకుని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూ, మాస్కు తుడుస్తూ, వేళకు మాత్ర వేస్తూ అతని ముఖం మీదినుంచి కన్ను తీయలేదు.

ఆమె కొడుకు చెవిలో ఏదేదో చెబుతూ కూర్చుంది. చిన్నప్పుడు పాలు మానిపించడానికి వేపాకు రాసుకుంటే అదీ చప్పరించేశాడట. "అంత మొండోనివి, ఒక పురుగుకు చస్తావేందిరా" అంది. అతను నవ్వబోయి దగ్గాడు.

ఒకసారి తలెత్తి చూస్తే ఆమె నుదుటి మీద చెమట. ఎద్దులాంటి కొడుకును మోస్తోంది, పట్టదా అనుకున్నాను. కొంగుతో మూతి తుడుచుకుంటుంటే కూడా చూశాను.

"అత్తా, ఇంకెవరినన్నా కూచోమంటానా నీ బదులు?"

"గోడకు ఎవురు కూకుంటారే నేను తప్ప? వాని సంగతి చూడు నువ్వు."

వాని సంగతే చూశాను. సాయంత్రం దీపాలు మార్చే వేళకు అతని చేతులు వెచ్చబడ్డాయి. నురగ ఆగింది. నీళ్ళు అడిగాడు. "గండం గడిచె అత్తా" అన్నాను. ఆమె పలకలేదు. కొడుకు పొట్ట మీద కట్టుకున్న ఆమె చేతులు విడదీయబోయాను. చల్లగా ఉన్నాయి. పెదవి పక్కన గులాబీ రంగు నురగ కొంచెం ఆరిపోయి ఉంది.

అతన్ని పక్కకు లాగి ఆమెను ముందుకు వంచితే, వీపు వెనక గోడ పగులు కనిపించింది. గొట్టం చెమ్మతో తడిసిన పగులు. చీర మడతలో నడుము దగ్గర తేలు, ప్రాణంతోనే ఉంది. ఎప్పుడు కుట్టిందో, ఎన్నిసార్లు కుట్టిందో. ఆమె కదల్లేదు, ఆమెకు తెలియలేదు. మాత్ర నోట్లో పెట్టాను, మింగలేదు. ఆక్సిజన్ పెట్టాను, గుండె నొక్కాను, చేతులు పడిపోయేదాకా నొక్కాను. తీగ మళ్ళీ తగిలించి యంత్రం తెచ్చి మెడ దగ్గర పెట్టాను, ఎందుకు పెట్టానో నాకే తెలియదు. మారెక్క, నొప్పి సున్నా అని వచ్చింది.

నమోదు 222

ఆమెను గూట్లో ఎవరు కూర్చోబెట్టాలని పెద్దలు చర్చ పెట్టారు. కూర్చోబెట్టాల్సిన పనే లేకపోయింది. మంచం మీద ఎట్లా కూర్చుందో కాళ్ళు అట్లాగే బిగుసుకుపోయాయి. నలుగురు ఎత్తి లోపల పెట్టారు. ఉరుకుందు నడవలేడు, ఇద్దరి భుజాల మీద వచ్చి బండ నిలిపాడు.

ఇంటికి వచ్చేసరికి పైనుంచి రెండు ముక్కలు వచ్చి ఉన్నాయి. మారెక్క, వయోభారం. ఉరుకుందు, పనికి గైర్హాజరు. రెండూ ఆయనకు చదివి వినిపించాను, దాచలేదు. విని బెంచీ మీద అటు తిరిగి మెడ వంచాడు.

"తియ్యి."

"నొస్తుంది."

"నొయ్యనీ. నొచ్చింటే మాయమ్మ లేసేది గదా."

బిళ్ల లోపల ఉన్నంతసేపు బ్లేడు తెలియదు. బయటికి రాగానే కోత మంట తెలుస్తుంది, ఆ వెనకే ఇన్నాళ్ళ అరుగుదలంతా ఒకేసారి తెలుస్తుంది. ఆయన బెంచీ పట్టుకుని, పళ్ళు బిగించి, వాళ్ళమ్మను పిలుచుకుంటూ ఏడ్చాడు. తర్వాత బ్లేడు ఆయన చేతికిచ్చి నేను మెడ వంచాను. నాకు ఒక దవడ పన్ను ఎప్పటినుంచో పుచ్చిపోయి ఉందట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఏడుపు విని వీధివాళ్ళు వచ్చారు. మొదట రంగముని పెళ్ళాం కూర్చుంది. ఆ తర్వాత, నిన్న ఉరుకుందు భుజాలు అదిమిన ఇద్దరూ కూర్చున్నారు. తీసిన బిళ్లలన్నీ ఈ పెట్టె పక్కనే గిన్నెలో వేశాను. వచ్చి ఏరుకోండి.

నమోదు 225

పని సగం కూడా జరగడం లేదు. ఒకరిని చూసి ఒకరు బిళ్లలు తీయించుకున్నారు, ఇప్పుడు అందరూ నడుములు పట్టుకుని తిరుగుతున్నారు. ఎదురైన ప్రతివాడూ నన్ను తిడుతున్నాడు. ఉలి ముక్క దిగబడినవాడు, "ఎంత పని చేస్తివక్కా, చెప్పేసుకోనీకి గూడా ఏడుపొస్తాంది" అన్నాడు. తిట్టనీ. తిట్టేవాళ్ళలో ఒక్కరు కూడా బిళ్ల తిరిగి పెట్టమనలేదు.

కౌశిక్ సారు ఈ రోజు తెరమీద చెట్టు లేకుండా కనిపించాడు. బిళ్లలు పెట్టించుకోకపోతే మా వీధులకు చల్లగాలి ఆపేస్తామన్నాడు. ఉరుకుందు నన్ను పక్కకు జరిపి తెర ముందు నిలబడ్డాడు. "ఆపు సారూ. గొట్టాల చెమ్మ గూడా ఆగుతది. మేం ఎండలో పుట్టినోళ్ళం. ఆ గదులు మాత్రం మీరే దిగొచ్చి తవ్వుకోండి" అన్నాడు. సారు తర్వాత చెబుతామన్నాడు. ఇంకా చెప్పలేదు, గాలి ఇంకా వస్తోంది.

సాయంత్రం షిఫ్టులో తట్టలు మోసే శేషమ్మను చీలమండ దగ్గర కుట్టింది. ఆమె వేసిన కేకకు గని మొత్తం పని ఆపేసింది. తేలును చంపి, ఆమెను ఎత్తుకుని, నడుములు పట్టుకునే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. చెమట మొదలయ్యేలోపే మాత్ర లోపలికి పోయింది. ఎవరూ చెప్పకుండానే రంగముని పెళ్ళాం గోడ పగులంతా కర్రతో పొడిచి చూసి, అందులో పొడిగుడ్డ కూరి, మంచం ఎక్కి వీపు ఆనించి కూర్చుని, శేషమ్మను తన మీదికి లాక్కుంది.

ఊపిరి బాగుంది. నాడి బాగుంది. నొప్పి మాత్రం అట్లాగే ఉంది, రేపటిదాకా ఉంటుంది. శేషమ్మ నన్నూ, తేలునూ, గనినీ, మిమ్మల్నీ పేరు పేరునా తిడుతూ ఏడుస్తోంది. మీ డేటాలో ఇంతవరకు పెద్దవాళ్ళ తేలుకాటు ఒక్కటీ లేదన్నారు కదా. పెట్టెను ఆమె మంచం పక్కకు జరుపుతున్నాను. వినండి.